చెంప మీది చురక

మా నాయన హస్తవాసి మంచిదని డెంకణికోట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నమ్మకం. గొర్రె కుంటినా, ఎద్దు మెడ వాచినా ఆయన్నే పిలిచేవాళ్ళు. పశువులకైతే కాల్చిన ఇనుప కమ్మితో వాత. మనుషులకైతే పసుపు కొమ్ము కాల్చి చురక. మా ఇంట్లో ఆ రెండింటి తర్వాతే మిగతా వైద్యమంతా.

అమ్మకు ఆ నొప్పి ఎనభైల మొదట్లో వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి హోసూరులో కాపురం. ముఖం కడుక్కుంటుంటే కుడి దవడలో కరెంటు కొట్టినట్టు అయిందట. పంటినొప్పే అనుకున్నాం. హోసూరులో పళ్ళు పీకే ఆయన దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఒకటి పీకాడు, తగ్గలేదు. పక్కది పీకాడు, తగ్గలేదు. మూడోదాని మీద చెయ్యి వేయబోతే అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చేసింది. డాక్టర్ల మీద నాయనకు మొదటినుంచీ ఉన్నది అంతంతమాత్రం నమ్మకం, అదీ పోయింది.

ఆ ఆదివారం ఆయన పసుపు కొమ్మును దీపంలో కాల్చాడు. చెవి ముందర, దవడ కీలు దగ్గర పెట్టాలి. అమ్మ తల కదలకుండా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చర్మం కాలిన వాసన వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనేస్తుంటాం, ఆ రోజు కళ్ళారా చూశాను. అమ్మ అరవలేదు.

మరునాడు నాయన "తగ్గిందా?" అని అడిగితే "తగ్గింది" అనింది. నాలుగు నెలలు అదే మాట. నాయన సంతలో పదిమందికి చెప్పుకున్నాడు. నేనూ మహా సంతోషంగా హోసూరులో నా సంసారం నేను చేసుకున్నాను.

తర్వాత ఒక రోజు కబురొచ్చింది, సంగటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అమ్మ కేకపెట్టి పడిపోయిందని. నేను వెళ్ళేసరికి గాలి తగలకుండా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని మూల కూర్చుని ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. కుడి చెంప మీద మట్టి పేరుకుని ఉంది. కడుక్కోవడానికి భయం, నమలడానికి భయం, మాట్లాడటానికి భయం. వస్తే ఆ నొప్పి నిమిషం కూడా ఉండదు. మళ్ళీ ఎప్పుడొస్తుందో అని మిగతా రోజంతా బిగుసుకుని కూర్చునేది.

"పసుపు కొమ్ముకు సగమే పోయిండాది. ఈ అమావాస్యకు ఇనుము పెట్టాల" అన్నాడు నాయన.

అమావాస్యకు నాలుగు రోజులే ఉంది. కమ్మిని అప్పటికే తోమి గోడకు ఆనించి పెట్టాడు. దాన్ని చెంప మీద పెట్టాలి. కంటికి అంత దగ్గర. చెయ్యి జారితే?

"ఇనుము యాడికీ పోదు నాయనా. ఒకతూరి కృష్ణగిరికి పోయొద్దాము. ఆడ మంచి డాక్టరు ఉండాడంట" అన్నాను.

"రెండు పండ్లు పీకించినావు, చాలలేదా?"

"ఈయన గూడా చేతకాదంటే నువ్వు చెప్పినట్లే కానీ. నేనే తల పట్టుకుంటాను."

నాయనను కదిలించడానికే అన్నాను. కానీ అమ్మ ఆ మాట నిజమే అనుకుని నా వైపు చూసింది. నాయన సరేనని మాతో బయల్దేరాడు. బస్సులో అమ్మను కిటికీకి దూరంగా కూర్చోబెట్టి, కంబళి చుట్టి, దారి పొడుగునా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఈ డాక్టరు కూడా పన్నే అంటే ఇక అమ్మను కాపాడే దారి లేదు.

కృష్ణగిరి డాక్టరు మా పక్క తెలుగే మాట్లాడాడు. ఎక్కడ నొప్పో చూపించమంటే అమ్మ వేలు చెంపకు బెత్తెడు దూరంలోనే ఆపేసింది. ఆయన ఆ వేలినే కాసేపు చూశాడు. పళ్ళ మీద ఒక్కొక్కటిగా కొట్టి చూశాడు, ఏమీ కాలేదు. దూదిపోగు తీసుకుని ముక్కు పక్కన ఊరికే తాకించాడు. అమ్మ ముఖమంతా ఒకవైపుకు లాక్కుపోయింది.

"పంటిలో ఏమీ లేదమ్మా. మొగానికి పోయే నరములో ఉండాది. మాత్రలు ఉండాయి, భయపడొద్దు" అన్నాడు. తర్వాత ఆ మచ్చ చూసి ఏమిటని అడిగాడు.

"నేనే పెట్టినాను సామీ. అది పెట్టినాక నాలుగు నెలలు నొప్పే లేదు" అన్నాడు నాయన, కొంచెం గర్వంగానే.

"ఈ నొప్పి కొన్నాళ్ళు దానంతట అదే ఆగేది గూడా ఉండాదప్పా. నీకు ఎన్ని దినాలు ఆగిందమ్మా?"

అమ్మ నేల చూస్తూ, పెదవి కదిలీ కదలకుండా, "ఒక్క దినము గూడా తగ్గలే. తగ్గలేదంటే ఇనుము కాలుస్తాడని చెప్పలే" అనింది.

నాయన ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. నేను మాత్రం ఏం తక్కువ? చిన్నప్పుడు చురకకు భయపడి కడుపునొప్పి దాచుకున్నదాన్ని, అమ్మ కూడా దాచుకుంటుందని నాకు తట్టలేదు.

పొద్దున సగం, సాయంత్రం సగం మాత్ర. తల తిరుగుతుంది, పడిపోకుండా చూసుకోవాలి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే వెంటనే తీసుకురావాలి. నాయన అన్నీ నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వారానికి అమ్మ తూలుతూనే లేచి, ముఖం కడుక్కుని సంగటికి కూర్చుంది. "తగ్గిందా?" అని అడగడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. తగ్గిందంటే మాత్రం ఎట్లా నమ్మడం? నాయన ఆమె ఎదురుగా తన సంగటి తట్ట పెట్టుకుని, తినకుండా ఆమె దవడే చూస్తున్నాడు. అమ్మ ముద్ద చేతిలో ఆపేసింది.

"అట్ల చూడొద్దు. నువ్వు చూస్తావుంటే నాకు భయమయితాది" అనింది.

నాయన తట్ట తీసుకుని లేచి, వాకిట్లోకి పోయి తిన్నాడు.