పరదా కింద మేము, వానలో మిరపకాయలు

ఆ రోజుల్లో, అంటే మా ఊళ్లోకి సెల్‌ఫోన్ ఇంకా అడుగుపెట్టని రోజుల్లో, ఏది గుర్తుండాలన్నా బుర్రే దిక్కు. ఆ లెక్కన మా ఇంట్లో అందరికంటే గొప్పవాడు మా మేనత్త కొడుకు. నాకంటే మూడు నెలలు పెద్ద, వరసకి బావ, ఊరందరికీ 'టేపు'. ఒక్కసారి వింటే చాలు, ఇంటర్‌లో లెక్చరర్ చెప్పిన పాఠాన్ని మధ్యలో ఆయన దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పేవాడు. (నాకు దగ్గు ఒక్కటే గుర్తుండేది.) వాణ్ణి చూస్తే నాకు అసూయ కాదు, నిజంగా అబ్బురం. అంత బుర్ర ఉన్నవాడు ఏం చేసినా అందులో ఏదో గొప్పదనం ఉంటుందని నమ్మేవాణ్ణి. అందుకే, గుంటూరు హాస్టల్లో ఏడాదిగా గంజాయి తాగుతున్నానని వాడు చెప్పినప్పుడు కూడా నోరు తెరుచుకునే విన్నాను.

ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక నాయనమ్మ మా ఇద్దరినీ మిరప కల్లానికి కాపలా పెట్టింది. నేల కనపడకుండా ఎర్రగా పరిచిన కాయలు, పక్కన మడిచి పెట్టిన నీలం టార్పాలిన్ పరదా. "మబ్బు పట్టగానే కాయ కుప్పజేసి పరదా కప్పండి. తడిస్తే తెల్లబడి తాలైపోద్ది. ఏడాది కష్టంరా," అని చెప్పి భోజనానికి వెళ్లింది. ఆవిడ మలుపు తిరగడమే ఆలస్యం, బావ జేబులోంచి గంజాయి నింపిన సిగరెట్టు తీశాడు.

నేను లాగింది రెండే దమ్ములు. నాలుక అట్టముక్కయింది. గుండె పత్తి జిన్నింగు మిల్లులా మోగడం మొదలుపెట్టింది. ఇక చచ్చిపోవడం ఖాయమని భయపడుతుంటే మబ్బు లేచింది. అలాంటి మబ్బుని నేను మళ్లీ చూడలేదు. ఎర్రటి కల్లం మీదికి నల్లగా, తీరిగ్గా వస్తుంటే ఇద్దరం గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాం. "ఎంత బాగుందిరా," అన్నాడు బావ. "అవును బావా," అన్నాను. గంటసేపు చూశామనిపించింది. (నాలుగు నిమిషాలట. ఆ నాలుగు నిమిషాల్లో పక్క కల్లం వాళ్లు తమ కాయంతా కప్పేసుకున్నారు.) తొలి చినుకులు పడగానే బావకి మెలకువ వచ్చినట్టయింది. ఇద్దరం పరదా లాగాం, కప్పాం, గాలికి లేవకుండా అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. "ఒక్క చుక్క దిగదు," అన్నాడు. నిజంగానే దిగలేదు. పరదా కింద పొడిగా, వెచ్చగా ఉన్నది మేమిద్దరం. కాయ మొత్తం బయటే ఉంది.

నాయనమ్మ తడుస్తూ పరిగెత్తుకొచ్చి పరదా ఎత్తింది. పొగ వాసన పట్టేసింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. బావ వైపు తిరిగి, "నువ్వు టేపువి కదరా. నేను పోయేటప్పుడు ఏం చెప్పానో చెప్పు," అంది. బావ నోరు తెరిచాడు. ఆవిడ చెప్పింది రెండే ముక్కలు. పుస్తకాలకి పుస్తకాలు అప్పజెప్పినవాడు ఆ రెండు ముక్కల కోసం తడుముకుంటుంటే, వాడి కళ్లలో భయం చూసి నాకు మత్తంతా దిగిపోయింది.

వారం తర్వాత తాలుకాయ ఏరడానికి మమ్మల్నే కూర్చోబెట్టింది. నిగనిగలాడే కాయనొకదాన్ని విరిచి చూపించింది. లోపలంతా నల్లటి బూజు. "ఆరకముందే తడిసిన కాయ ఇది. మీ బుర్రలు కూడా ఇంకా ఆరలేదు నాయనా," అంది, అంతే.

నేను ఆ రోజుతో మానేశాను (ధైర్యంతో కాదు, భయంతో). బావ ఇంకో మూడేళ్లు తాగాడు. చదివింది బుర్రలో నిలవక, దిగులుపడి డిగ్రీ మధ్యలో ఇంటికొచ్చేస్తే అత్తయ్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. "ఆ వయసులో బుర్ర ఇంకా ఎదుగుతూ ఉంటుందమ్మా. ఆ పొగ జ్ఞాపకాన్నీ ధ్యాసనీ దెబ్బతీస్తుంది. మానేస్తే చాలావరకు తేరుకుంటాడు. అంతా వెనక్కొస్తుందని మాత్రం మాటివ్వలేను," అన్నారాయన. బావ మానేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, పత్తీ మిరపా వేసుకుంటూ, జేబులో చిన్న నోటుబుక్కుతో.

ప్రతి పెళ్లిలోనూ ఈ కథ వాడే మొదలుపెడతాడు. "ఒరేయ్, ఆ రోజు మబ్బు పట్టిందా..." అని, ఆగి, నా వైపు చూస్తాడు. "తర్వాత ఏమైందిరా?" నేను అందుకుంటాను, నాయనమ్మ మాటలతో, వాన చప్పుడుతో సహా. వాడు మొదటిసారి వింటున్నట్టు పడీ పడీ నవ్వుతాడు. దగ్గు తప్ప ఏదీ గుర్తుండని నేనే ఇప్పుడు మా ఇంటి టేపుని.