ప్రభువు దగ్గర ఉన్నారండి

మా సంఘంలో ఎవరూ చనిపోరు. నిద్రిస్తారు, మహిమలోకి వెళ్తారు, ప్రభువు దగ్గర ఉంటారు. నేనూ మా చెల్లీ చిన్నప్పటినుంచీ ఈ మాటల్లోనే పెరిగాం.

మా మరిది, అంటే చెల్లి భర్త, తాడేపల్లిగూడెం దగ్గర చేపల మేత ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం అక్కడే గుండె ఆగి పడిపోయాడు. కొల్లేటి మధ్య వాళ్ల ఊరు లంకకి పడవలో తెచ్చుకున్నాం. మందిరం వెనక మట్టిలో పెట్టి, పునరుత్థానం పాటలు పాడుకున్నాం. పంచాయతీలో చెప్పి మరణం నమోదు చేయించాలన్న సంగతి ఆ ఏడుపులో ఎవరికీ తోచలేదు. ‘ప్రభువునందు నిద్రించెను’ అని పాస్టరు గారు మందిరం రిజిస్టరులో రాశారు. మాకు అది చాలింది.

కొన్నాళ్లకి ఇంటింటి సర్వే వచ్చింది. లంకకి దారి నీళ్లలో ఉందని ఫోన్లోనే అడిగారు. ఆ పూట నేను చెల్లి పక్కనే ఉన్నాను.

“మీ ఆయన ఉన్నారామ్మా, లేరా?”

మా చెల్లి ‘లేరు’ అనదు. అంటే పునరుత్థానమే లేదన్నట్టు దానికి.

“ఉన్నారండి.”

“ఎక్కడ?”

“ప్రభువు దగ్గర ఉన్నారండి.”

“ప్రభు గారి దగ్గరా? గూడెంలో పనన్నారు, అక్కడేనా?”

“గూడెంలోనేనండీ, పనిలో ఉండగానే...” అంటుండగా సిగ్నల్ పోయింది. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ ప్రభు గారెవరో అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఆయన పోయాక అది నవ్వడం అదే మొదలు.

ఏడాది దాటింది. చెల్లి రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పనికి కుదిరింది. ఐసు నీళ్లకి వేళ్లు పగిలిపోయాయి. వట్లూరులో మా ఇంటికొచ్చి, “అక్కా, ఆయన జీతంలో పీఎఫ్ కోసేవారు కదా. ఏమన్నా వస్తుందేమో కనుక్కో. ఈ చేతులతో ఎంతకాలం చెయ్యగలనో తెలీదు,” అంది. బళ్లో పాఠాలు చెప్పినదాన్ని గనక రూల్స్ నాకు అర్థమవుతాయని దాని నమ్మకం.

ఇద్దరం గూడెం వెళ్లాం. ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా గారు కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. “పీఎఫ్ డబ్బు వేరండి, పీఎఫ్ పెన్షన్ వేరు, గవర్నమెంటు ఇచ్చే వితంతు పెన్షన్ వేరు. పీఎఫ్ పెన్షన్ అయితే మీ చెల్లెలు గారికి జీవితాంతం వస్తుంది. దేనికైనా ముందు డెత్ సర్టిఫికెట్ ఉండాలండి.”

మందిరం నుంచి తెచ్చిన కాగితం ఇచ్చాను. చదివి, “నిద్రించెను అంటే మా పైవాళ్లు లేపమంటారండీ,” అన్నారు. చెల్లి మొహం చూసి వెంటనే నాలిక్కరుచుకున్నారు. “తప్పుగా అనుకోకండమ్మా.”

మర్నాడు లంకలో సచివాలయానికి వెళ్లాం. అక్కడి అమ్మాయి కంప్యూటరు మా వైపు తిప్పింది. “మీ ఆయన ఉన్నట్టే ఉందండీ ఇందులో. వేరే ఊళ్లో పని అని ఉంది. ఆయన ఉండగా మీకు వితంతు పెన్షన్ ఎలా పెడతాం? డెత్ సర్టిఫికెట్ తెస్తే పేరు తీసేస్తాం. ఏడాది దాటింది కదా, దానికి ఏలూరులో ఆర్డీవో గారి ఆర్డరు తెచ్చుకోవాలి.”

మూడు తలుపులకీ ఒకటే తాళం. అప్పటికిగాని నాకు అర్థం కాలేదు.

ఏలూరు ఆఫీసులో పెద్ద వయసాయన మా కాగితాలన్నీ చదివారు. ఇంతకాలం ఎందుకు నమోదు చేయించలేదని అడిగారు. చెల్లి, “ప్రభువు పిలుచుకున్నారండి,” అంది.

“అలా కాదమ్మా. నేను రాసుకోవాలి. చనిపోయారా?”

చెల్లి నా వైపు చూసింది. చెప్పవే అన్నట్టు నేనే తలూపాను.

“చనిపోయారండి.”

“వినపడలేదు.”

“మా ఆయన చనిపోయారండీ!”

పక్క బల్లల వాళ్లు తలెత్తి చూశారు. ఆయన సచివాలయం వాళ్లు జతచేసిన సర్వే కాగితం పైకి తీశారు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. “సర్వేలో ఉన్నారన్నారు. ఇవాళ చనిపోయారంటున్నారు. ఏది నమ్మాలమ్మా? ఎంక్వయిరీకి పంపిస్తాను. వాళ్లు వచ్చి తేలుస్తారు.”

ఫోన్లో ఏం జరిగిందో నేను చెప్పబోయాను. అదంతా ఎంక్వయిరీలో చెప్పండి అన్నారు.

బస్సులో చెల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చేపల చెరువుల గట్లు మొదలయ్యాక అంది, “ఆయన అడిగింది నిజమే కదక్కా. ఏది నమ్మాలి?”

బైబిల్లో అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి వదలకుండా తిరిగిన విధవరాలి కథ సండే స్కూల్లో ఎన్ని తరాల పిల్లలకు చెప్పానో. ఆ కథలో విసిగిపోయి న్యాయం చేసేది న్యాయాధిపతి. ఇక్కడ విసిగిపోయింది మా చెల్లి. దాని పగిలిన వేళ్లు నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఎంక్వయిరీకి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఉపవాసముండి ప్రార్థిస్తూనే ఉన్నాను. ఏలూరు వెళ్లి కనుక్కుందాం రావే అంటే, “మళ్లీ ఆ మాట అనిపిస్తారక్కా, నేను రాను,” అంటుంది. ఆదివారం సాక్ష్యాల వేళ తన భర్త ప్రభువు దగ్గర ఉన్నాడని ప్రతి వారం లేచి చెప్పే మనిషి, ఇప్పుడు చేతులు పైటకింద దాచుకుని కూర్చునే ఉంటోంది. పాస్టరు గారు దాని వైపు చూసి, ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతారు.