కార్డు మీద రాసిన జాతి

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఊరికి పోదామంటే రైళ్లు లేవు. మగ్గాల పనికని వచ్చిన పరాయి రాష్ట్రంలో, కోసాడ్ క్వార్టర్లో నేనూ మా ఆవిడా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న ఆ రోజుల్లో ఒక ఎర్ర కుక్క మా గడప ముందు చేరింది. చేసుకున్న నాలుగు రొట్టెల్లో ఒకటి దానికే పోయేది. ఆంక్షలు సడలాక టీకా వేయిద్దామని పక్కనే ఉన్న అమ్రోలిలో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కార్డు తీసి, జాతి అన్నచోట ఇంగ్లీషులో ఏదో గీకి, "పరాయా" అని పైకి చదివాడు.

మా ఆవిడకు చర్రున కోపమొచ్చింది. "పరాయి కుక్క అంటడేంది? మూడు నెలల సంది మన బువ్వనే తింటున్నది. మనదేనని జెప్పు జర!"

అదే హిందీలో చెప్పాను. డాక్టరు పకపకా నవ్వాడు. అది జాతి పేరట, మన వీధి కుక్కలన్నిటికీ అదే పేరట. చదువుకున్నవాడు, తెలిసే రాసుంటాడనుకుని ఊరుకున్నాను.

ఇంటికొచ్చి కార్డు మీదున్న 'pariah' అన్న ఇంగ్లీషు మాట ఫోనులో వెతికాను. ఒళ్లు మండిపోయింది. తమిళంలో పరై అంటే డప్పు. దాన్ని కొట్టే కులం పేరునే తెల్లదొరలు తమ ఇంగ్లీషులో వెలివేసినవాడికి పేరు చేశారు. అది చాలక వీధి కుక్కకు తగిలించారు. ఇప్పుడు కొందరు ముద్దుగా 'ఇండీ' అంటున్నారు గానీ, దొరలు పోయినా దొరల మాట మాత్రం కార్డుల మీద అట్లాగే ఉంది. సిగ్గులేకుండా!

మా నాన్న డప్పు కొట్టేవాడు. ఊళ్లో పెళ్లికైనా చావుకైనా ఆయన డప్పు కావాలి, ఆయన మాత్రం గడప అవతలే ఉండాలి. కరోనా వచ్చి రెండు గజాల దూరం పాటించమంటే లోకమంతా అల్లాడిపోయింది. మా నాన్న ఆ దూరంలోనే పుట్టి ఆ దూరంలోనే పోయాడు. దానికి ఎవరూ టీకా కనిపెట్టలేదు.

మరుసటి ఏడు మళ్లీ టీకాకు వెళ్లినప్పుడు కార్డు బల్ల మీద పెట్టి, ఆ మాట కొట్టేసి 'దేశీ' అని రాయమన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

"పాత మాట భాయ్, ఇప్పుడెవరూ ఆ అర్థంతో అనరు. కుక్కకు లేని బాధ నీకెందుకు?" అన్నాడు డాక్టరు.

"కుక్కకు చదవడం రాదు సాబ్. మా నాన్నకూ రాలేదు. నాకొచ్చు," అన్నాను.

ఆయన కార్డును నావైపే నెట్టాడు. బల్ల మీదున్న పెన్ను తీసుకుని నేనే కొట్టేశాను.