బలం లడ్డు

మా అత్త కట్టే బలం లడ్డును నేను ఈనాటికీ ముట్టను. ఖర్జూరం, బాదం, తుమ్మ బంక, బెల్లం, అవి మునిగేంత నెయ్యి. నా పెనిమిటిని మింగింది అదేనంటే తాండూరులో నా మాట నమ్మేవాళ్లు లేరు.

అరవై తొమ్మిదిలో ధారూర్ నుంచి తాండూరుకు కోడలిగా వచ్చాను. ఆయనకు నాపరాళ్ల దుకాణం. మామ నలభై నిండకముందే రొమ్ము పట్టుకుని కూలిపోయాడట. దిష్టి తగిలిందని చెప్పుకునేవాళ్లు. మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. కొన్నేళ్లు బాగానే గడిచాయి. డెబ్బైల చివర్లో ఆయన రాత్రిళ్లు నా వైపు తిరగడం మానేశాడు. మొదట అలసట అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. మనసు లేక కాదు, ఒళ్లు మాట వినక. అది నాకు తెలుసు. మనిషి చిక్కిపోయాడు. చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాడు. స్టేషన్ దాకా నడిస్తే పిక్కలు పట్టేసి దారిలో ఆగిపోయేవాడు.

అత్తకు ఇవేవీ పట్టలేదు. ఆమెకు మనుమడు కావాలి. "ఒక్క ఆడివిల్లను కని కడుపు మూసుకున్నది" అని వచ్చినవాళ్లందరి ముందూ నన్ను దెప్పేది. ఆయన పక్కనే కూర్చుని వినేవాడు, నోరు విప్పేవాడు కాదు. నేను మింగలేక, కక్కలేక పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. ఈ రోజుల్లో మగవాడు ఆ ఇబ్బందితో పోతే డాక్టర్లు ముందు నెత్తురు పరీక్ష చేస్తారట, గుండెను కూడా చూస్తారట. మా రోజుల్లో కోడలి కడుపును చూసేవాళ్లు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆయన సంతలో డేరా వేసిన మందులవాడి దగ్గర లేహ్యం కొన్నాడు. ఉత్త బెల్లం పాకమే. తల్లితో "బలానికి" అన్నాడు. ఆమెకు అంతే చాలు. పొద్దున లేహ్యం, దాని మీద లడ్డు, రాత్రి పాలలో చక్కెర. కొడుకు ఎంత బక్కచిక్కితే అంత పెద్ద లడ్డు కట్టేది. ఇక సిగరెట్లు సరేసరి.

దుకాణం మెట్లు కూడా ఎక్కలేకపోయాక, నేనే పోరుపెట్టి వికారాబాదులో డాక్టరు దగ్గరికి రైల్లో తీసుకుపోయాను. ఆయన పిక్కల నొప్పి ఒక్కటే చెప్పాడు. డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికాడు.

"నాడి సరిగ దొరుకుతలేదు. ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు సారూ."

నా ప్రాణం విసిగిపోయింది. "ఉన్నది సారూ" అన్నాను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "రెండు మూడేండ్ల సంది మాకు పక్క మీద ముచ్చట లేదు. ఆయనకు చేతనైతలేదు."

ఆయన మొహం మాడిపోయింది. డాక్టరు నవ్వలేదు. "గదేందయ్యా, అసలుదే దాచిపెడితివి!" అని మూత్రం తెప్పించి, నీలం మందులో కలిపి దీపం మీద కాచాడు. మా కళ్ల ముందే అది ఇటుక రంగుకు తిరిగింది. నెత్తురు తీసి పట్నం పంపాడు. తర్వాతి వారం మళ్లీ పోతే, చక్కెరా ఎక్కువే, కొవ్వూ ఎక్కువే అన్నాడు.

"నెత్తురు పోయే తొవ్వలు పూడుతున్నయమ్మా. సన్నయి ముందుగాల పూడుతయి. అందుకే మొదలు పక్క మీది ముచ్చట పోయింది, దానెనుక కాళ్లకు వచ్చింది. రేపు గుండె. మాత్రలు ఏసుకోవాలె. తీపి, నెయ్యి, సిగరెట్లు బంద్."

తిరుగు రైలు ఎక్కగానే ఆయన సిగరెట్ ముట్టించాడు. వారం నుంచి లోపల పెట్టుకున్న మాట అప్పుడు అన్నాడు.

"నా మొగతనం పరాయోని ముంగట పెట్టినవ్."

"నీ పాణం కోసమే చెప్పిన."

"ఇజ్జత్ పోయినంక పాణమెందుకు?"

చూడండి చోద్యం! నా కడుపు మూసుకుపోయిందని ఊరంతా అంటున్నప్పుడు పోని పరువు, ఒక్క డాక్టరు చెవిన పడితే పోయిందట.

ఆనాటి నుంచి నా చేతి కూడు ముట్టలేదు. నేను జొన్నరొట్టె, ఆకుకూర పెడితే లేచి తల్లి దగ్గరికి పోయేవాడు. మాత్రలు గూట్లోనే ఉండిపోయాయి. ఇక తట్టుకోలేక అత్తకు అంతా చెప్పేశాను. ఆమె చీపురు అందుకుంది. "బక్కగైనోనికి తిండి బంద్ చెయ్యమంటవా? నా కొడుకు మంచిగనే ఉన్నడు. ఐబైనా, లోపమైనా నీ కడుపుల ఉన్నది." మళ్లీ లడ్డు. ఆయన నన్ను చూస్తూ తినేవాడు. నా మీద పంతానికే తినేవాడు.

మరుసటి చలికాలం దుకాణంలో, బండల మధ్యే, రొమ్ము పట్టుకుని కూలిపోయాడు. తండ్రి పోయిన వయసు కూడా రాలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, పక్షి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. అత్త లడ్డులు పెట్టింది. నేను జొన్నరొట్టె, ఆకుకూర పెట్టాను. నా పిచ్చిగానీ, ఇప్పుడైనా తింటాడేమోనని.

ఒక కాకి వచ్చి వాలింది. రొట్టెను దాటిపోయి లడ్డునే పొడిచింది.

"సూసిన్రా! నా చేతి లడ్డంటే నా కొడుక్కు ఎంతిష్టమో!" అని అత్త గొల్లుమంది. చుట్టాలంతా హమ్మయ్య అనుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తిను!" అని అరిచాను. "సచ్చినంక గూడ గదే తిను!"

ఆడవాళ్లు వచ్చి నన్ను పట్టుకున్నారు. "పాపం, మొగనికి ఆఖరిసారి కడుపు నిండ తినిపిచ్చుకుంటున్నది" అన్నది ఒకామె.