అత్త గది గోడకు చెమ్మ

మా ఇంట్లో గోడలకు మేకు కొట్టకూడదు. ఆ చట్టం నేను పెట్టిందే. పదకొండేళ్లు అద్దె ఇళ్లలో ఇంటివాళ్ల మాటలు పడి, రెండేళ్ల కిందట మదనపల్లెలో నాలుగు గోడలు లేపుకున్నాం. రంగు వేయించిన రోజు ఎవరూ చూడకుండా ఆ గోడకు చెంప ఆనించి చూసుకున్నాను. నవ్వితే నవ్వండి. మా అమ్మ ఇరవై ఏళ్లు తట్ట మోసింది, ఆమె మోసిన ఇటుకల గోడలన్నీ ఊళ్లోవాళ్లవే.

నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. నన్ను చూస్తే పిల్లలు వరండాలో దారి మార్చుకుంటారు. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. కోపం పాల పొంగులా వస్తుంది, అంతే తొందరగా పోతుంది. అయితే పోయిన సంగతి నాకు తెలుస్తుంది గానీ మాట పడ్డవాళ్లకు తెలిసిందో లేదో ఎప్పుడూ పట్టించుకోలేదు.

మా ఆయనకు కుప్పంలో ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సు దిగి, సోమవారం తెల్లారకముందే మళ్లీ బస్సెక్కుతాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ మా అత్తా. పెద్దపంజాణి దగ్గర అత్తామామలకు ఐదెకరాలు ఉండేవి. మామ ఆ భూమిలో ఏడు బోర్లు వేయించాడు. ఏడింటిలోనూ దుమ్మే లేచింది. భూమి పోయింది, ఆ బెంగతో మనిషీ పోయాడు. ఆ తర్వాత అత్త పుంగనూరులో ఒక్క గది అద్దెకు తీసుకుని, బిందెతో నీళ్లు మోసుకుంటూ ఒంటరిగా బతికింది. మేము ఇల్లు కట్టుకున్నాకే ఆమెను తెచ్చుకున్నాం. వస్తూ ఒక ట్రంకు పెట్టె, మామ పటం తెచ్చుకుంది.

చాలా రోజులు ఆ పటం పెట్టెలోనే ఉండింది. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి ఆమె గదిలో, స్విచ్‌బోర్డుకు మూరెడు పక్కన, గోడకు వేలాడుతోంది. నూరుకునే గుండ్రాయితో తానే మేకు దిగ్గొట్టింది.

"ఎవుర్ని అడిగి కొట్టినావత్తా? ఇంకొకసారి నా గోడమింద సెయ్యేసినావంటే పుంగనూరు బస్సెక్కిచ్చేస్తా, సూడు!" అన్నాను.

అత్త నవ్వింది. నవ్వనే అనుకున్నాను. ఆ పూట సంగటి ముద్ద, ఊరుబిండి నా పళ్లెంలో పెట్టింది. నేను తిన్నాను, మర్చిపోయాను.

నెల తిరిగేసరికి ఆ గోడ అడుగున, అత్త మంచం కాళ్ల దగ్గర, రంగు బొబ్బలెక్కింది. ఎండలు ముదిరి వీధి కుక్కలు మురుగు కాలవల్లో పడుకుంటున్న రోజులు. చినుకు పడి ఎన్నాళ్లయిందో కూడా గుర్తులేదు. అలాంటప్పుడు గోడకు చెమ్మ ఏమిటి?

"ఇదేందత్తా?" అన్నాను.

"గంగమ్మేమోమ్మా. నేల్లోంచి పైకొస్తాండాది," అంది అత్త వెంటనే. మరుసటి రోజుకు ఆ చెమ్మ మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

ఎదురింటామె వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని, నీళ్లు చూసే ఆయన్ను పిలిపించింది. మా వైపు బోరు వేయాలంటే ముందు ఆయనే రావాలి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. మా అత్త గదిలో, మంచం పక్కన, టెంకాయ నిక్కి నిలబడింది. వాకిట్లో నిలుచున్న ఆడవాళ్లు "అమ్మా తల్లీ!" అని చెంపలు వేసుకున్నారు. అత్త ఒక్కతే గడప దగ్గర నిలబడి, "ఆ ఏడు బోర్లకూ గూడా ఇట్లే నిలబడిందమ్మా," అంది మెల్లగా. శుభమా అని నీళ్లు పడుతుంటే ఈ అపశకునం మాటలేమిటని నాకు ఒళ్లు మండింది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ నమ్మాను. మూడు రోజులకొకసారి వచ్చే కొళాయి కోసం పరుగెత్తే పని లేదు, ట్యాంకరువాడిని బతిమాలే పని లేదు, సొంత బోరు, సొంత నీళ్లు అని మనసులో పందిళ్లు వేసేసుకున్నాను. ఇంకోపక్క పొద్దున సంపులోంచి మోటారుతో నింపిన మేడమీది ట్యాంకు సాయంత్రానికి అడుగంటుతోంది. దానికి అత్త మీద విరుచుకుపడ్డాను. కొళాయి సరిగా కట్టడం లేదని, నీళ్లు పారబోస్తోందని. "ఇంకమీద సూసుకుంటాలేమ్మా," అంది. పైన నీళ్లు తగ్గుతున్నాయి, కింద నీళ్లు ఊరుతున్నాయి. రెండూ కలిపి చూడటానికి ఒకటో తరగతి లెక్క చాలు. లెక్కల టీచరును, నాకు తట్టలేదు.

ఒక పొద్దున అత్త గది తుడుస్తూ, లేవడానికి గోడకు చెయ్యి ఆనించాను. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. ఏదో నరం పట్టిందనుకుని మళ్లీ వేలితో తాకాను. మళ్లీ జివ్వుమంది. గోడలో కరెంటు పారుతోంది. ఆ గోడకు ఆనించే అత్త మంచం ఉంది. ఇనుప మంచం. పరుగెత్తి మెయిన్ ఆపేశాను.

ఆ రోజు వచ్చిన ఊళ్లో ప్లంబరు గోడంతా కొట్టి చూసి, నేల మీద బండలు తట్టి చూశాడు. బండల కింద డొల్ల చప్పుడు వచ్చింది. గోడ లోపల వేసిన పైపు ఎక్కడో కారుతోందన్నాడు. ఎక్కడో చెప్పలేనని, గోడా బాత్రూమూ మొత్తం పగలగొట్టాలని అన్నాడు. అతను చెప్పిన ఖర్చు నా మూడు నెలల జీతం. "కింద మన్ను కొట్టుకపోయింటాది మేడమ్. ఈ గదిలో పడుకోవద్దండి," అని పోతూ పోతూ చెప్పాడు.

గంగమ్మ అక్కడితో సరి. మిగిలింది భయమే. నేల కుంగుతుందని భయం. గోడ పడుతుందని భయం. అన్నిటికంటే అత్త ఆ గోడను ముట్టుకుంటుందని భయం.

"అత్తా, హాల్లో పడుకుందువు రా," అన్నాను.

"నేనీడే పడుకుంటామ్మా."

"గోడ షాక్ కొడతాండాది! సచ్చిపోతావు!"

"సస్తే సస్తాలే. నేనీడే."

మంచం లాగబోతే మంచం కోడు పట్టుకుని కూర్చుంది. గంగమ్మ మీద భక్తి అనుకున్నాను, ముసలి మొండితనం అనుకున్నాను. తిట్టాను కూడా. ఆమె కదల్లేదు.

మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను గానీ తను వచ్చే శనివారానికి ఇంకా మూడు రోజులుంది. పొద్దున ట్యాంకు నింపడానికి మోటారు వేసే అరగంట తప్ప, ఇంటికి కరెంటు లేకుండా చేశాను. ఆ అరగంటా పెరట్లో నిలబడి ట్యాంకు చూసుకునేదాన్ని, అది నిండగానే మెయిన్ దించేసేదాన్ని. బడిలో ఎవరి ఫోను మోగినా ఇంటి కబురే అనుకునేదాన్ని. బోర్డు మీద వేస్తున్న లెక్క మధ్యలో మర్చిపోయి పిల్లల వైపు చూసేదాన్ని. సాయంత్రం గేటు దగ్గరినుంచే "అత్తా!" అని పిలిచేదాన్ని. లోపలినుంచి "ఆఁ" అని వినిపించేదాకా అడుగు ముందుకు పడేది కాదు. ఒకరోజు ఆ "ఆఁ" రావడం కాస్త ఆలస్యమైంది. చేతిలో సంచి జారి టిఫిన్ డబ్బా మెట్ల మీద దొర్లిపోయింది.

శనివారం మా ఆయన కుప్పంనుంచి తనకు తెలిసిన ప్లంబరును వెంటబెట్టుకొచ్చాడు. మాటలో సగం తమిళ యాస ఉన్న మనిషి. వచ్చీ రాగానే సుత్తి తీయలేదు. మెయిన్ దించారో లేదో తానే చూసుకుని, టెస్టరు పెట్టి చూసుకుని, అప్పుడు గోడకు చెవి ఆనించాడు. కిందినుంచి పైకి, జానెడు జానెడు జరుపుకుంటూ విన్నాడు. మామ పటం దగ్గర ఆగాడు.

"అక్కా, పైపు ఇట్లే పోతాది. ఈ పటం తీద్దామా?"

అప్పటిదాకా నోరెత్తని అత్త అడ్డం వచ్చి నిలబడింది. "వద్దు నాయినా. ఆయన్ని ముట్టుకోవద్దు. నీకు దణ్ణం పెడతా."

"ఊరికే ఉండమ్మా," అని మా ఆయన పటం తీశాడు.

పటం వెనక గోడలో మేకు తుప్పుపట్టి నల్లగా ఉంది. దాని చుట్టూ, పటం చెక్కలోనూ, పాత చీర పేలికలు కుక్కి ఉన్నాయి. నీలం చీర. అత్త ఇంట్లో కట్టుకునే చీరే. పేలికలు తడిసి ముద్దగా ఉన్నాయి. ప్లంబరు కటింగ్ ప్లేయరుతో మేకు పట్టి లాగాడు. నీళ్లు చిమ్మి అతని మొహాన కొట్టాయి. అతను పెద్దగా నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. మూడు నెలల జీతం మిగిలిందని నేనూ నవ్వబోయాను.

అప్పుడు అత్తను చూశాను. పటాన్ని రెండు చేతులా రొమ్ముకు హత్తుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. పటం లోపలికి చెమ్మ దిగి మామ మొహం సగం చెరిగిపోయింది.

"పుంగనూరికి పంపిచ్చొద్దమ్మా," అంది. "మేకు కొట్టినపుడు తెలీలా. నువ్వు తిట్టిన మర్నాడు సూస్తే తడి. నువ్వు తిడతావని గంగమ్మని సెప్తి. పొద్దన్నే నువ్వు మోటారుకాడికి పోతానే గుడ్డలు మారుస్తాంటి. ఆ నీళ్లు పిండి సెట్లకే పోస్తాంటి, వేస్టు జెయ్యలేదు. ట్యాంకు సాలాలని నీళ్లు గూడా రెండు రోజులకొకసారే పోసుకుంటాండా."

నేను మోటారు దగ్గరికి పోగానే. అంటే ఇంట్లో కరెంటు ఉండే ఆ అరగంటలో. నేను పెరట్లో ట్యాంకు చూసుకుంటూ నిలబడిన ప్రతి పొద్దునా ఈమె ఇనుప మంచం ఎక్కి, తడి చేతులతో, స్విచ్‌బోర్డు పక్కన, నా చేతిని కొట్టిన ఆ గోడలోకి వేళ్లు పెట్టింది. షాక్ కొడుతుందని, చచ్చిపోతావని నేను చెప్పిన తర్వాత కూడా పెట్టింది.

"కొట్టలేదా అత్తా నిన్ను?" అన్నాను.

"కొట్టింది. రెండు మూడు తూర్లు."

వంటింట్లోకి పోయి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. మూడు రోజులుగా ఆమె చచ్చిపోతుందేమోనని నేను భయపడుతున్నాను. ఆమె మాత్రం చావుకంటే నాకే ఎక్కువ భయపడింది.

మరుసటి రోజు జానెడు వెడల్పున గోడ చెక్కి పైపు ముక్క మార్చారు, స్విచ్‌బోర్డు తీగలు మార్చారు. మంచం కాళ్ల దగ్గర బండలు లేపి గడ్డపార దించితే, పట్టుకున్న పిడికిలి దాకా అడ్డం లేకుండా పోయింది. మూడు బండ్ల మన్నూ కంకరా పోశారు. ఖర్చు ఒక నెల జీతం అయింది. పోతూ ప్లంబరు గోడ మీద పైపులు పోయే దారంతా పెన్సిలు గీత గీసి, "ఈ గీత తప్పించి యాడన్నా కొట్టుకోండి," అన్నాడు.

గోడకు మళ్లీ రంగు వేయించాను. మేకూ సుత్తీ నేనే తెచ్చి అత్త చేతిలో పెట్టాను. "వద్దులేమ్మా, గోడ పాడైతాది," అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నేను కొట్టబోతే చెయ్యి పట్టుకుంది. పటం మళ్లీ ట్రంకు పెట్టెలోకి పోయింది.

ఇప్పుడు కూడా సాయంత్రం గేటు తీస్తూ "అత్తా!" అని పిలుస్తాను. అలవాటైపోయింది. వెంటనే "ఆఁ" అంటుంది. లోపలికి వెళ్లి చూస్తే లేచి నిలబడి ఉంటుంది, కొంగు సర్దుకుంటూ, తాగుతున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి. గోడ కారిన తర్వాత ఇలా అయిందా, మొదటినుంచీ ఇంతేనా అని గుర్తు చేసుకోవాలని చూస్తాను. గుర్తు రాదు. ఈ రెండేళ్లూ నేను గోడల్నే చూసుకున్నాను.