ధనమ్మకు చెప్పులు లేవు

ధనమ్మది తుని దగ్గర పల్లె. పిల్లల్ని చూసుకోవడానికని అమెరికాలోని ఎడిసన్‌లో ఒక డాక్టరు గారింటికి తెచ్చారు. మూడేళ్లుగా ఆవిడ చేసిన గారెలు తిని, "సూపర్ ఆంటీ!" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పేరు అడిగిన పాపాన ఒక్కరం పోలేదు. సిగ్గుండాలి మాకు.

మొన్న వాళ్లింట్లో వరలక్ష్మీ వ్రతం నాడు ఆవిడ చేతిమీద కాగే నూనె పడింది. "పదండి, అర్జెంట్ కేర్ ఆస్పత్రికి తీసుకెళ్తాను" అన్నాను. గుమ్మం దగ్గర నలభై జతల చెప్పులున్నాయి. ధనమ్మ కదల్లేదు.

"నాకు చెప్పుల్లేవమ్మా. తెచ్చుకున్న జత తెగిపోయింది. గుమ్మం దాటితే కదా, మళ్లీ కావాలనడానికి! పాస్‌పోర్టు అమ్మగారి బీరువాలో ఉంది. బయటికెళ్తే పోలీసులు పట్టుకుంటారన్నారు."

నా చెప్పులు ఆవిడకు తొడిగి, నేను ఉత్తికాళ్లతో డ్రైవ్ చేశాను. ఆవిడ సరేనన్నాక ఆస్పత్రి నుంచే, ఇలా మనుషుల్ని తెచ్చి బందీలుగా పని చేయించుకునేవాళ్ల మీద ఫిర్యాదు చేసే ట్రాఫికింగ్ హాట్‌లైన్‌కి ఫోన్ చేశాను.

మర్నాడు డాక్టరు గారి భార్య ఫోన్లో విరుచుకుపడింది. "ఇంట్లో మనిషిలా చూసుకున్నాం! మన తెలుగువాళ్ల పరువు తీశావు కదా, హైమా!"

"మీ ఇంట్లో మనుషులందరి చెప్పులూ గుమ్మం దగ్గర చూశాను. ధనమ్మవి ఎక్కడండీ?" అన్నాను.