సత్యవతి పెట్టిన పథ్యం

హంసలదీవి దగ్గర పల్లెపాలెంలో ఎవరింట్లో జ్వరం తగ్గినా, ఎవరి కూతురు పురిటికి వచ్చినా ముందు సత్యవతి గడప తొక్కాల్సిందే. ఆవిడ ఎండబెట్టిన చేప పథ్యానికి పెట్టింది పేరు. కోడూరు వీధుల్లో "ఉప్పుచేపలమ్మా, ఉప్పుచేపలు" అని ఆవిడ కేకేస్తే పొయ్యి మీది కూర దించి మరీ బయటికొచ్చేవాళ్ళున్నారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసిన మనిషి ఊరుకుంటుందా? ఎవరికి ఏం తినిపించాలో అడిగినా అడక్కపోయినా చెప్పేది.

అలాంటావిడ భర్త ధనరాజుకే కాళ్ళు వాచాయి. వేట నుంచి వచ్చి వల దించేసరికి ఆయాసంతో కూలబడేవాడు. బందరు ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె బలహీనపడిందనీ, ఒంట్లో నీరు నిలిచిపోతోందనీ డాక్టరు చెప్పాడు. నీరు లాగేసే మాత్రలు రాసి, "ఉప్పు బాగా తగ్గించండి. పథ్యం గట్టిగా చెయ్యాలి" అన్నాడు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే సత్యవతి నవ్వేసింది.

"పత్యం సంగతి నాకు చెప్పాలాండీ?"

ఇంటికి రాగానే ఉప్పు డబ్బా అటక మీదికెక్కింది. కూరలో ఉప్పు లేదు, చారులో లేదు. ఆ చప్పిడి తిండితో మనిషి నీరసపడకూడదని, తన చేత్తో ఎండబెట్టిన సొరచేప ముక్క కాసేపు నానబెట్టి, వెల్లుల్లి వేసి వండిపెట్టేది. పథ్యమంటే ఆవిడకి అదే. వాళ్ళమ్మా అదే పెట్టింది, అమ్మమ్మా అదే పెట్టింది. ధనరాజు ఆ ముక్క నంజుకునే నాలుగు ముద్దలు తినేవాడు. చాలంటే ఇంకో ముక్క వేసేది.

వాపు తగ్గకపోగా మోకాళ్ళ దాకా పాకింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కునుకు తీసేవాడు. ఇంట్లో ఎవరో ఉప్పు వేస్తున్నారని సత్యవతి తేల్చేసింది. ఎవరో ఏమిటి, కోడలు ప్రసన్నలక్ష్మే. ఆ పిల్లకి వంటలో ఉప్పు చెయ్యి ఎక్కువని ముందు నుంచీ ఉన్న మాటే. కుళాయి దగ్గర పదిమందీ ఉండగా కడిగిపారేసింది.

"నా కళ్ళుగప్పి కూరలో ఉప్పు పోస్తున్నావు. మీ మావయ్యని చంపుదామనా?"

"నేనెయ్యలేదు అత్తయ్యా. ఆ సొర ముక్కలోనే..."

"పత్యం గురించి నువ్వు నాకు చెప్తావా?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వేటకెళ్ళిన మొగుడు తిరిగి రాకముందే కోడూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. సత్యవతికి చీమ కుట్టినట్టయినా లేదు. పైగా ఇక వాపు దిగుతుందని నిశ్చింతగా ఉంది.

దిగలేదు. ఒక ఉదయం ధనరాజు ఊపిరి కోసం నోరు తెరిచి కొట్టుకుంటుంటే ఆటోలో వేసుకుని బందరు పరిగెత్తారు. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు చేశాక కాస్త కుదుటపడ్డాడు. గుండె ఇంకా దెబ్బతిందనీ, వేటకి ఇక వెళ్ళకూడదనీ డాక్టరు సత్యవతిని పక్కకి పిలిచి చెప్పాడు. తర్వాత నర్సు రాహేలు వచ్చి, ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగింది.

"పత్యమేనమ్మా. ఉప్పు లేని కూర, ఉప్పు లేని చారు, ఒక్క ఉప్పుచేప ముక్క..."

మాట అక్కడే ఆగిపోయింది. బతుకంతా కేకేసి అమ్ముకున్న మాట ఆవిడ చెవిన ఆవేళే పడింది.

"జ్వరం పడి లేచినవాళ్ళకి మీ చేప బలమే పిన్నిగారూ" అంది రాహేలు మెల్లిగా. "ఈ జబ్బుకి మాత్రం పనికిరాదు. నానబెట్టినా లోపలికి పట్టిన ఉప్పు పూర్తిగా పోదు. ఆ ఉప్పు ఒంట్లో నీటిని ఆపేస్తుంది, ఆ బరువంతా గుండె మీద పడుతుంది."

తిట్టినా బాగుండేది. చాలన్నా వినకుండా వడ్డించిన ముక్కలన్నీ సత్యవతికి గుర్తొచ్చాయి. అంతకంటే ఎక్కువగా కుళాయి దగ్గర కోడలి మొహం గుర్తొచ్చింది. వరండాలోకి వెళ్ళి ఫోను చేసింది.

"ఉప్పు నాదేనే అమ్మాయ్. నువ్వు చెప్తుంటే నోరు నొక్కేశాను."

"మావయ్య ఎట్టా ఉన్నారు?" అని మాత్రం అడిగింది ప్రసన్నలక్ష్మి.

సాయంత్రానికి క్యారేజీ పట్టుకుని తనే వచ్చింది. మెత్తటి అన్నం, ఉప్పు లేకుండా నిమ్మకాయ పిండిన సొరకాయ కూర. ధనరాజు రెండు ముద్దలు మింగి మొహం చిట్లించాడు.

"ఏమీ అనుకోకమ్మా. మీ అత్త పత్యమే పత్యం. ఇన్నాళ్ళూ దాంతోనే బతికాను."

ప్రసన్నలక్ష్మి ఆ మాట వదిలేసి ఇంకాస్త కూర వేసింది. సత్యవతి కూడా ఊరుకోవచ్చు. జబ్బు మనిషి మనసు కష్టపెట్టడమెందుకని సర్దిచెప్పుకోవచ్చు. కాసేపు సర్దిచెప్పుకుంది కూడా.

"ఆ పత్యమే నిన్నిక్కడ పడుకోబెట్టిందయ్యా" అంది చివరికి. "వాపంతా నా ఉప్పుచేప చేసిందే. ఇంక వేటకి వెళ్ళకూడదంట. నేనే చేశాను."

ధనరాజు ఆవిడ వంక చూడలేదు. ముద్ద కలుపుతూ కోడలి వైపే చూశాడు.

"ఈ పిల్లని కుళాయి కాడ పదిమందిలో తిట్టావు కదే" అన్నాడు. "ముందు అక్కడికెళ్ళి, ఆ పదిమందికీ చెప్పు."